ప్లగ్గులు విప్పి చూడకుండా బండి అమ్మొద్దు

పోస్టు పెద్దదే, ముందే చెప్పేస్తున్నాను. మొన్నటి కమిటీ మీటింగులో కారు విషయం ఆఖరి అంశంగా పెట్టారు. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. సగం మంది చెప్పులు వేసుకుంటున్నారు. "మెకానిక్ ఇంజిన్ పోయిందన్నాడు, స్క్రాపుకి ఇచ్చేద్దాం, వచ్చే జనరల్ బాడీలో తీర్మానం పెడదాం" అని సెక్రటరీ గారు అనడం, అందరూ తలూపడం రెండు నిమిషాల్లో అయిపోయింది. నేనూ ఊపాను. ఇంటికెళ్లి పడుకున్నాక ఎందుకు ఊపానా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మన గ్రూపులో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేని పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఇదే పోస్టు మా అమ్మాయి చేత చదివించి వాయిస్ మెసేజీగా పెడతాను. అది విన్నాక "అంకుల్, ఇంగ్లీషులో రాయొచ్చు కదా" అని అడగొద్దు. ప్లగ్గుని అన్ని భాషల్లోనూ ప్లగ్గే అంటారు.

కొత్త సభ్యుల కోసం కారు సంగతి. 1998 మోడల్ మారుతి 800. కార్బొరేటర్ బండి. నంబరు ప్లేటు ఇంకా ఓఆర్-07 అనే ఉంటుంది, ఓడీ రాక ముందుది. బరంపురం వదిలి విశాఖలో స్థిరపడ్డ ఒక కుటుంబం 2012లో దాన్ని సంఘానికి ఇచ్చి వెళ్లింది. 2023లో ఆర్‌సీ మరో ఐదేళ్లకు రెన్యూ చేయించాం. కాబట్టి 2028 దాకా కాగితాల బాధ లేదు. ఆ బండి చేసే పని మీకు తెలుసు. పెద్దవాళ్లని ఎంకేసీజీకి తీసుకెళ్లి తీసుకురావడం, కళ్ల డాక్టరు దగ్గరికి, బ్యాంకుకి లైఫ్ సర్టిఫికెట్ పనికి, ఉగాదికి వంట సామాన్లకి. ఎక్కువ భాగం ఊళ్లోనే, మూడు నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలు. బండి ఆగిపోయి ఇప్పటికి ఐదు వారాలు. ఈ ఐదు వారాలుగా మన పెద్దాయన ఒకరు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఆటోలో వెళ్తున్నారు. వెళ్లేటప్పుడు ఫర్వాలేదట. తిరిగొచ్చేటప్పుడు ఆ కుదుపులకి ఓపిక ఉండట్లేదని వాళ్ల కోడలు నాతో చెప్పింది. కాబట్టి ఇది ఇనుప సామాను అమ్ముకునే వ్యవహారం ఒక్కటే కాదు.

జబ్బు లక్షణాలు ఇవి. పొద్దున్న స్టార్టు అవ్వడానికి పది నిమిషాలు పట్టేది. స్టార్టయ్యాక ఒళ్లంతా వణికేది. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే మిస్ కొట్టేది. పెట్రోలు లీటరుకి పదహారు ఇచ్చేది పదకొండుకి దిగింది. సైలెన్సర్‌లోంచి నల్ల పొగ. నల్ల పొగ అన్న మాట గుర్తుపెట్టుకోండి.

గ్యారేజీకి తీసుకెళ్లిన రోజు నేనూ ఉన్నాను. ఆయన బండి స్టార్టు చేయించాడు, చెవి పెట్టి విన్నాడు, పొగ చూశాడు, "రింగులు పోయాయి, బోర్ చేయాలి, ఇరవై ఎనిమిది వేలు" అన్నాడు. ప్లగ్గులు విప్పలేదు. కంప్రెషన్ గేజి పెట్టలేదు. ఆయన మోసం చేశాడని నేననను. రోజుకి ఇరవై బండ్లు చూసేవాడికి పాతికేళ్లు దాటిన 800 ఎదురైతే వచ్చే మొదటి ఆలోచన అదే. తప్పు మనది. ఇరవై ఎనిమిది వేల మాట వినగానే, మరో ప్రశ్న అడక్కుండా, బండిని చావు లిస్టులో రాసేశాం. ఇంట్లో ముసలాయనకి దగ్గొస్తే ఎక్స్‌రే తీయించకుండా వీలునామా రాయిస్తామా?

పోయిన ఆదివారం మా మేనల్లుణ్ణి తోడు తీసుకుని భవనం వెనక షెడ్డులోకి వెళ్లాను. "ఏటి మావయ్యా, స్క్రాపుకి పోయే బండికి స్నానం చేయిస్తావా" అన్నాడు వాడు. మూడు ప్లగ్గులే కదా, విప్పి చూద్దాం అన్నాను.

మూడు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో పేపరు మీద రాసి వరసగా పెట్టాం. మూడూ ఒకేలా ఉన్నాయి. కిరసనాయిలు దీపం చిమ్నీకి పట్టిన మసిలా పొడిగా, నల్లగా, మెత్తగా. వేలితో రాస్తే వేలు నల్లబడింది గానీ జిడ్డు లేదు.

ఇక్కడ కాస్త ఆగుతాను, అసలు సంగతి ఇదే కాబట్టి. ప్లగ్గు కొస సిలిండర్ లోపల, మంట మధ్యలో ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో దాని ముఖం మీదే రాసి ఉంటుంది. కొస లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువై, గాలి తక్కువై, సరిగ్గా కాలడం లేదని. లేదా ప్లగ్గు తగినంత వేడెక్కడం లేదని. తడిగా, మెరుస్తూ, నూనె పూసినట్టు నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోందని. అప్పుడు రింగులో, వాల్వు సీళ్లో అనుమానించాలి. తెల్లగా పాలిపోయి, పింగాణీ మీద పొక్కులు లేచి ఉంటే మితిమీరి వేడెక్కుతోందని. రింగులు పోయిన బండి ప్లగ్గు మీద ఆయిల్ కనపడాలి, పొగ నీలంగా రావాలి. మన బండి పొగ నల్లన, మసి పొడి. రెండూ ఒకే మాట చెబుతున్నాయి, అది గ్యారేజీలో చెప్పిన మాట కాదు.

అయితే మూడింటికీ ఒకేసారి మసి ఎందుకు పట్టింది? ప్లగ్గులు వేసి ఏడాది కూడా కాలేదే? మేనల్లుడు ప్లగ్గు తుడిచి దాని మీది అక్షరాలు చదివాడు. ఎన్‌జీకే కంపెనీది, బీపీఆర్7ఈఎస్.

ఇక్కడ మన ట్రెజరర్ గారికి దణ్ణం పెట్టాలి. ఆయన పారేయని కాగితం లేదు. కారు ఫైలు తెప్పించి చూస్తే 2019 నాటి బిల్లు దొరికింది. "డబ్ల్యూ7డీసీ, 3 నంబర్లు". అది బాష్ ప్లగ్గు, మన పెద్దవాళ్ల నోట్లో ఇంకా మైకో ప్లగ్గు. అంతకు ముందు బిల్లుల్లోనూ అదే. పోయిన ఏడాది బిల్లులో మాత్రం ఎన్‌జీకే వారి 7 నంబరు. జరిగింది అర్థమైపోయింది. షాపులో బాష్ అయిపోయి ఉంటుంది. కుర్రాడు పాత ప్లగ్గు మీద 7 చూసి, ఎన్‌జీకేలోనూ 7 తీసి ఇచ్చి ఉంటాడు. మర సరిపోయింది, పానా సరిపోయింది, బండి స్టార్టయింది. ఇంకెవరు అడుగుతారు?

కానీ ఆ 7, ఈ 7 ఒకటి కాదు. ప్లగ్గు మీది అంకె దాని సైజు కాదు, అది వేడి కొలత. ప్లగ్గు కొస ఎంత వేడిగా ఉంటుందో చెప్పే అంకె. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి హెడ్డులోకి పోవడానికి ఎక్కువ దూరం పోవాలి, కాబట్టి కొస వేడిగానే ఉంటుంది. అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్గు. కొస సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మసి దానంతటదే కాలిపోతుంది. 800 దాటి పోతే స్పార్కు రాకముందే పెట్రోలు అంటుకునే ప్రమాదం. ప్లగ్గు ఈ రెండిటి మధ్యా ఉండాలి. తిరకాసు ఎక్కడంటే, ఎన్‌జీకేలోనూ డెన్సోలోనూ అంకె పెరిగే కొద్దీ ప్లగ్గు కోల్డు. బాష్‌లో, చాంపియన్‌లో అంకె పెరిగే కొద్దీ హాటు. పూర్తిగా తలకిందులు. బాష్ డబ్ల్యూ7డీసీకి ఎన్‌జీకేలో దగ్గరిది 6. డెన్సోలో చూస్తే 20. అంటే మన బండికి ఒక మెట్టు కోల్డు ప్లగ్గు వేశాం. హైవే మీద గంటల తరబడి పరిగెత్తే బండి అయితే సర్దుకునేదేమో. మూడు కిలోమీటర్లు పోయి, ఆస్పత్రి గేటు దగ్గర గంట ఆగి, మళ్లీ మూడు కిలోమీటర్లు వచ్చే బండిలో ఆ ప్లగ్గు మసి కాల్చుకునేంత వేడెక్కేదెప్పుడు?

నిజాయితీగా చెప్పాలి. ఒక్క మెట్టు తేడాకే బండి ఇంత పాడవదు. ఇంకా రెండు తోడయ్యాయి. ఒకటి, ఎయిర్ ఫిల్టర్. విప్పితే లోపల గోపాలపూర్ బీచంతా ఉంది. రెండు, చోక్. డాష్‌బోర్డు కింద లాగే బుడిపె ఉంటుంది కదా, చలి ఇంజిన్ స్టార్టు చేయడానికి. అది వేడెక్కాక పూర్తిగా లోపలికి నెట్టాలి. మన బండిలో అది అర అంగుళం బయటే ఉంది. బండి మిస్ కొడుతోందని నడిపినవాళ్లంతా చోక్ కాస్త లాగి ఉంచడం అలవాటు చేసుకున్నారు. చోక్ లాగితే పెట్రోలు ఎక్కువ, మసి ఎక్కువ, మసి పట్టిన కొద్దీ మిస్ ఎక్కువ, మిస్ కొట్టిన కొద్దీ చోక్ ఇంకా లాగడం. ఎవరు నడిపారని అడగొద్దు. ఆ జాబితాలో నా పేరూ ఉంది.

ఇప్పుడు కొనడం గురించి, ఎందుకంటే మన సభ్యుల్లో చాలామందికి పాత ఆల్టోలు, సాంత్రోలు, వ్యాగన్ఆర్‌లు ఉన్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బండి పుస్తకంలో రాసిన ప్లగ్గు కొనండి, అంతకంటే మంచిది కొనొద్దు. షాపుకి వెళ్లి పాత కారు అనగానే "ఇరిడియం వేయించండి సార్, పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది" అంటారు. ఇరిడియం మంచి ప్లగ్గే. కొస సన్నగా ఉండి తక్కువ వోల్టేజీకి స్పార్కు ఇస్తుంది, మామూలు నికెల్ ప్లగ్గు కంటే మూడు నాలుగు రెట్లు మన్నుతుంది. కానీ చోక్ బండిలో పెట్రోలు ఎక్కువై మసి పడితే దానికీ పడుతుంది. నాలుగైదు రెట్లు ఖర్చు పెట్టిన మసి, అంతే తేడా. పికప్ పెరిగినట్టు అనిపించేది కొత్త ప్లగ్గు వేసినందుకు. కొత్తది ఏది వేసినా అలాగే అనిపిస్తుంది. కార్బొరేటర్ బండికి నికెల్ ప్లగ్గులు వేసి, సుమారు ఇరవై వేల కిలోమీటర్లకి మార్చేయడమే మేలు. అదే పుస్తకంలో ఇరిడియం అని రాసి ఉన్న కొత్త బండి అయితే డబ్బు కలిసొస్తుందని నికెల్ వేయకండి. అదీ ఇదే తప్పు, రెండో వైపు నుంచి.

అంకె ఒక్కటే కాదు, అక్షరాలూ చూడాలి. ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్ తీసుకుంటే, ముందున్న బీ అంటే మర 14 మిల్లీమీటర్లు, పానా పట్టే భాగం 20.8, అంటే షాపులో 21 పానా అనేది. దానికి బదులు బీకే అని ఉంటే మర అదే గానీ పానా 16. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. ఇంజెక్షన్ బండ్లలో కంప్యూటర్ ఉంటుంది కాబట్టి అది తప్పనిసరి. మన 800లో లేకపోతే రేడియోలో గరగర తప్ప పెద్ద నష్టం లేదు. తర్వాత ఈ అనే అక్షరం మర పొడవు, 19 మిల్లీమీటర్లు. అదే చోట హెచ్ ఉంటే 12.7. ఇది మాత్రం ప్రాణాంతకం. పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగుది వేస్తే పిస్టన్‌కి తగలొచ్చు. పొడుగుది ఉండాల్సిన చోట పొట్టిది వేస్తే స్పార్కు గోతిలో పడుతుంది, మిగిలిన మరలో మసి గడ్డకట్టి తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు. పాత ప్లగ్గు, కొత్త ప్లగ్గు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఇంత చదువు అక్కర్లేదు. కాకపోతే పాతదే తప్పుది కాదని తేల్చుకున్నాకే. మన కథంతా అదే కదా.

నకిలీ సరుకు కూడా వస్తుంది. పెట్టె మీద అచ్చు బాగానే ఉంటుంది. ప్లగ్గు పింగాణీ మీది అక్షరాలు గోటితో గీకితే లేచిపోవడం, మర గరుకుగా ఉండడం, కింది వాషర్ ఊడి చేతిలోకి రావడం చూస్తే తిరిగి ఇచ్చేయండి. మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఆర్ ఉన్న ప్లగ్గు పై కొసకీ మధ్య కొసకీ పెట్టి చూడొచ్చు. ఐదు కిలో ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. బిల్లు తీసుకోండి. బిల్లు విలువ ఏమిటో ఇప్పుడే చూశాం.

బిగించడం దగ్గరికి వస్తే, ముందు నా తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట నా సొంత బండికి, బయటి నుంచి రాగానే, ఇంజిన్ చేయి పెట్టలేనంత వేడిగా ఉండగానే ప్లగ్గు విప్పాను. కొత్తది మొదటి చుట్టు నుంచే పానాతో తిప్పాను. కాస్త గట్టిగా వస్తోంది, కొత్తది కదా అనుకున్నాను. అది వంకరగా ఎక్కుతోంది. హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు మర ఇనుము. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. మర తినేసింది. హెడ్డు విప్పించి, కొత్త మర చుట్ట వేయించడానికి అయిన ఖర్చుతో ఆ రోజుల్లో నలభై ప్లగ్గులు కొనొచ్చు. మా ఆవిడ ఇప్పటికీ నేను పానా పట్టుకుంటే వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడుతుంది.

అందుకని ఆదివారం నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాం. ముందు సైకిలు పంపుతో ప్రతి ప్లగ్గు చుట్టూ గాలి కొట్టాం. మనది సముద్రం ఊరు, ఆ గుంటల్లో ఇసుక చేరుతుంది. ప్లగ్గు విప్పగానే అది సిలిండర్‌లోకి జారుతుంది. హెచ్‌టీ వైర్లు తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగలేదు, టోపీ పట్టుకుని కాస్త తిప్పి లాగాం. విప్పి చూసే రోజు మూడూ తీసి, వైర్లకి 1, 2, 3 అని టేపు చుట్టాం. మామూలుగా మార్చేటప్పుడైతే ఒకటి తీసి, దాని చోట కొత్తది వేసి, వైరు పెట్టి, అప్పుడు రెండోదానికి పోతే చాలు. వైర్లు తారుమారైతే బండి టపాకాయలు పేలుస్తుంది, మీరు మళ్లీ గ్యారేజీకి ఫోను చేస్తారు.

కొత్త ప్లగ్గు పెట్టెలోంచి తీసి నేరుగా వేయకూడదు. గ్యాప్ కొలవాలి. పాత కార్బొరేటర్ బండ్లకి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, ఇంజెక్షన్ బండ్లకి చాలావాటికి 1.0 నుంచి 1.1. మీ బండి పుస్తకంలో ఉన్నదే లెక్క. ఫీలర్ గేజి వంద నూట యాభైకి వస్తుంది. గ్యాప్ తగ్గించాలంటే వంకీలా ఉన్న పైరేకుని మెల్లగా తట్టాలి, మధ్య కొసని ముట్టకూడదు. ఇరిడియం అయితే అసలు చేయి పెట్టకపోవడమే మంచిది, ఆ సన్నటి కొస విరిగిపోతుంది.

తర్వాత నాకు అప్పుడు ఎవరూ చెప్పని కిటుకు. గుప్పెడు పొడవున్న పెట్రోలు పైపు ముక్క తీసుకోండి. ప్లగ్గు తలకి తొడగండి. దాంతో ప్లగ్గుని రంధ్రంలో పెట్టి వేళ్లతో తిప్పండి. మర సరిగ్గా పడితే సాఫీగా దిగిపోతుంది. వంకరగా పడితే పైపు జారి తిరుగుతుందే గానీ ప్లగ్గు తిరగదు, మర తినదు. ఇరవై రూపాయల పైపు ముక్క. పూర్తిగా చేత్తో దిగి ఆగాకే పానా. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకి అక్కడి నుంచి సగం చుట్టు లేదా మూడింట రెండు వంతుల చుట్టు. వాషర్ నలగడం చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపేయాలి. పాత ప్లగ్గు మళ్లీ వేస్తుంటే వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు, గడియారంలో ఐదు నిమిషాల ముల్లు కదిలినంత. టార్క్ రెంచి ఉన్నవాళ్లకి 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు.

మరకి గ్రీజు పూయాలా అని మేనల్లుడు అడిగాడు. మన ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి అతుక్కుపోతుందని వాడి భయం, అది తప్పు కాదు. కానీ ఇప్పటి మంచి ప్లగ్గుల మరకి పూత వేసే వస్తుంది. దాని మీద గ్రీజు పూస్తే మర సులువుగా జారుతుంది, మనకి తెలియకుండానే ఎక్కువ బిగిస్తాం. పొడిగానే వేయాలి. పాత ప్లగ్గుల్ని ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ వేద్దామన్న ఆలోచన కూడా వద్దు. ఇనుప బ్రష్షు పింగాణీ మీద గీతలు వదుల్తుంది, స్పార్కు ఆ గీతల దారిన పోతుంది.

మూడు బీపీఆర్6ఈఎస్‌లు, ఒక ఎయిర్ ఫిల్టర్, ఐదు వందల డెబ్బై రూపాయలు. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, అలాగే ఉంచమని డాష్‌బోర్డు మీద చీటీ అంటించాం. బండి మూడో ప్రయత్నంలో లేచింది. మొదటి నిమిషం కాస్త దగ్గింది, లోపలి మసి అంతా ఊడ్చుకుని. తర్వాత వణుకు లేదు. ఛత్రపూర్ దాకా వెళ్లి వచ్చాం. వచ్చాక ఒక ప్లగ్గు మళ్లీ విప్పి చూస్తే కొస మీద లేత గోధుమ రంగు మొదలైంది.

దీనితో పని అయిపోయిందని నేననట్లేదు. సోమవారం వేరే గ్యారేజీలో మూడు వందలిచ్చి కంప్రెషన్ చూపించాను. మూడు సిలిండర్ల మధ్య తేడా ఐదు పీఎస్‌ఐ కూడా లేదు. రింగులు పోతే మూడూ ఒకేలా, అంత పద్ధతిగా పోవు. కాగితం సెక్రటరీ గారికి ఇచ్చాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి ఈ బండి రబ్బరు గొట్టాలు ఎంతకాలం తట్టుకుంటాయో చూసుకోవాలి. అది మరో పోస్టు.

వాట్సాప్‌లో వచ్చిన మాటలకి జవాబు. "ఈ కాలంలో సంఘానికి అలాంటి డొక్కు కారేమిటి, పరువు తక్కువ" అని ఒకరు. పరువు సంగతి డయాలసిస్‌కి వెళ్లొచ్చే ఆయన్ని అడగండి. "అందులో ఎయిర్ బ్యాగులు లేవు, పెద్దవాళ్లని అందులో తిప్పడం సబబా" అని మన డాక్టరమ్మ గారు. ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి నా దగ్గర వితండవాదం లేదు. అందుకే ఆ బండిని హైవే ఎక్కించొద్దని, విశాఖ ప్రయాణాలకి అద్దె కారే పెట్టాలని నేనే తీర్మానం ప్రతిపాదిస్తాను. ఊళ్లో, ముప్పై నలభై స్పీడులో, ఆస్పత్రికి మాత్రమే. "పొల్యూషన్" అని మరొకరు. మసి పట్టిన ప్లగ్గులతో ఐదారు నెలలు తిప్పినప్పుడు ఎవరూ అనలేదు. ఇప్పుడు టెస్టు చేయించి సర్టిఫికెట్ నోటీసు బోర్డు మీద పెడదాం. ఫెయిలైతే నేనే అమ్మడానికి ఓటేస్తాను. ఈ పద్ధతి మీ ఇళ్లలోని బండ్లకి కూడా వర్తిస్తుంది. ఇంజెక్షన్ బండి మిస్ కొడుతూ ఉంటే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. మూడు నాలుగు వందల ప్లగ్గు వాయిదా వేసి వేలల్లో బిల్లు తెచ్చుకున్నవాళ్లు మన సంఘంలోనే ఇద్దరున్నారు. పేర్లు చెప్పను, వాళ్లే లైక్ కొడతారు.

నేనడిగేది ఇంతే. జనరల్ బాడీ ఎజెండాలో "కారు స్క్రాపుకి ఇచ్చుట" అన్న అంశాన్ని "కారు స్థితిపై చర్చ" అని మార్చండి. కంప్రెషన్ కాగితం, పాత ప్లగ్గులు, రెండు బిల్లులు టేబుల్ మీద పెడతాను. చూసి, అప్పుడు తలూపండి, ఎటైనా సరే.

ఈ ఆదివారం పొద్దున్న పదింటికి భవనం వెనక షెడ్డులో ఉంటాను. ఎవరి బండి ప్లగ్గులు వాళ్లు విప్పుకోవచ్చు, పక్కన నేనుంటాను. ఆడపిల్లలు కూడా రండి, మా అమ్మాయి వస్తోంది. ముందు రోజు రాత్రి బండి తెచ్చి అక్కడే పెట్టేయండి, లేదా దగ్గర్లోని వాళ్లు పెందలాడే వచ్చి చల్లారనివ్వండి. వేడి ఇంజిన్‌తో వస్తే టీ ఇచ్చి కూర్చోబెడతాను, పానా మాత్రం ఇవ్వను. 21 పానా, 16 పానా, ఫీలర్ గేజి నా దగ్గరున్నాయి. బండి పుస్తకం, పాత బిల్లు ఉంటే తెచ్చుకోండి. సైకిలు పంపు ఇంకొకటి కావాలి, ఎవరి దగ్గరైనా ఉంటే కింద కామెంటులో చెప్పండి.